ముప్పై డిగ్రీల వాలు: విదేశీ సాయం, న్యాయశాస్త్ర ఆచార్యుడు, రాయగడ పట్టా

కొండవాలు పది డిగ్రీలు దాటితే, దాన్ని ఎన్ని తరాలుగా దున్నుకుంటున్నా ఆ నేల సాగుదారు పేరు మీదికి రాదు. సర్కారు ఖాతాలోకి పోతుంది. పాత కోరాపుట్ జిల్లాలో స్వాతంత్ర్యం తరువాత జరిగిన సర్వే, సెటిల్‌మెంట్లలో నడిచిన పద్ధతి ఇదే. పల్లంలోని మడులను కొలిచారు, వాటికి పట్టాలు ఇచ్చారు. చోళ్లు, సామలు, కందులు, వలిసెలు పండే వాలును మాత్రం ఎవరి హక్కుగానూ కొలవలేదు. ఆ వాలు మీద బతికే కోందులు, పరజలు, సవరలు తమ నేల మీదే ఆక్రమణదారులయ్యారు.

1988లో ఈ గీత ఒక్కచోట కదిలింది. ఇప్పటి రాయగడ జిల్లాలోని కాశీపూర్ బ్లాకులో, రోమ్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధి ఐఫాడ్ ఇచ్చిన అప్పుతో ఒక గిరిజనాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. రోడ్లు, చెరువులు, తోటలతో పాటు భూమి సర్వే కూడా అందులో భాగం. ఆ సర్వేలో ముప్పై డిగ్రీల దాకా ఉన్న వాలును సాగుచేసుకుంటున్న కుటుంబాల పేర రాశారు. పక్క బ్లాకుల్లో పది డిగ్రీల గీతే మిగిలింది. అవే కొండలు, అవే పంటలు, అదే రాష్ట్ర రెవెన్యూ చట్టం. తేడా తెచ్చింది ఒక సాయం ప్రాజెక్టు.

బరంపురం లింగరాజ్ లా కాలేజీలోనో, విశాఖలోనో న్యాయశాస్త్రం చదివే మన సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలు విదేశీ సాయం సంస్థల ఉద్యోగాల గురించి అడుగుతుంటారు. రాయగడ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఇంకాస్త ముందుకు వెళ్లి అడిగింది: “సార్, సాయం అంటే డబ్బు కదా, అందులో లా చదివినవాళ్లకు ఏం పని?” ఆ ప్రశ్నకు కాశీపూర్ వాలే మొదటి జవాబు. డబ్బుతో చెరువు తవ్వవచ్చు. ఆ చెరువు నీళ్లు ఎవరి నేలకు పారతాయో, ఆ నేల ఎవరిదో తేల్చేది చట్టం. నేల ఎవరిదో తేలకుండా పెట్టిన డబ్బు చివరికి కాగితం ఉన్నవాడి దగ్గరికే చేరుతుంది.

ముందు ఈ డబ్బు ఏ దారిన వస్తుందో చూడాలి. గందరగోళం మొదలయ్యేది అక్కడే. మన రాజ్యాంగం ప్రకారం విదేశీ రుణం కేంద్రం జాబితాలోని విషయం. రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయగలవని 293వ అధికరణం చెబుతుంది. కాబట్టి ఐఫాడ్‌తో రుణ ఒప్పందం మీద సంతకం పెట్టేది భారత ప్రభుత్వం. భూమి మాత్రం రాష్ట్ర జాబితాలో ఉంది. ప్రాజెక్టును నడుపుతామని ఒడిశా ప్రభుత్వం విడిగా మరో ఒప్పందం రాసి ఇస్తుంది. ఇక రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొంత భాగం గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వస్తాయి. అక్కడ భూమి చేతులు మారడాన్ని కట్టడి చేసే నిబంధనలు గవర్నరు పేరుతో వస్తాయి. ఆఖరున పట్టా మీద సంతకం పెట్టేది తహసీల్దారు.

రోమ్, ఢిల్లీ, భువనేశ్వర్, తహసీలు కార్యాలయం. ఈ నాలుగు చోట్లా కాగితాలు తయారవుతాయి. ఎవరి నేల కోసం ఇదంతా జరుగుతున్నదో ఆ కుటుంబం ఈ ఒప్పందాల్లో దేనిలోనూ పక్షం కాదు. ఒప్పందంలో రాసిన హామీ నెరవేరకపోతే ఐఫాడ్ ప్రశ్నించవచ్చు, విడతలు ఆపవచ్చు. కాశీపూర్ రైతు ఆ ఒప్పందాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లలేడు. విదేశీ సాయంలో న్యాయశాస్త్రం చదివినవారి అసలు పని ఈ ఖాళీలో ఉంది. అంత దూరాన రాసుకున్న హామీని ఆ రైతు తన చేతిలో పట్టుకోగల దేశీయ హక్కుగా మార్చడం ఆ పని.

సాయం అనే మాట కింద అప్పు, గ్రాంటు రెండూ ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. ఐఫాడ్ ఆ రోజుల్లో పేద దేశాలకు ఇచ్చిన సులభ రుణాలకు వడ్డీ లేదు. ఏటా కొద్దిపాటి సేవా రుసుము, దశాబ్దాల గడువు ఉండేవి. అయినా అది తీర్చవలసిన అప్పే. 2005 ఏప్రిల్ నుంచి విదేశీ రుణాన్ని కేంద్రం రాష్ట్రాలకు అవే షరతులతో బదలాయిస్తోంది. అంటే దాని భారం ఒడిశా ఖజానా మీదే. స్వచ్ఛంద సంస్థలకు వచ్చే విదేశీ విరాళాల చట్టం పూర్తిగా వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకూడదు.

ఇక మనిషి కథకు వద్దాం. న్యాయశాస్త్ర ఆచార్యుడు సాయం రంగంలోకి వెళ్తే ఏమవుతుందో చూడటానికి రాయ్ ప్రోస్టర్‌మన్ జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. కాశీపూర్‌లో 1988లో జరిగిన పనితో ఆయనకు నేరుగా సంబంధం లేదు. ఆయన దారి వేరే వైపు నుంచి బయలుదేరి, చాలా ఆలస్యంగా మన కొండలను చేరింది.

హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, న్యూయార్క్‌లోని పెద్ద న్యాయవాద సంస్థలో పనిచేసి, 1965లో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. లాటిన్ అమెరికాలో పరిహారం సరిగా ఇవ్వకుండా భూస్వాముల నేల తీసుకోవాలని వాదించిన ఒక వ్యాసం ఆయన కంట పడింది. అలా చేస్తే భూస్వాములు ఆయుధాలు పడతారని, న్యాయమైన వెల చెల్లిస్తే సంస్కరణ నెత్తురు చిందకుండా సాగుతుందని 1966లో తమ విశ్వవిద్యాలయ న్యాయ పత్రికలో జవాబు రాశాడు. న్యాయ పత్రికల్లో వ్యాసాలు సాధారణంగా గ్రంథాలయాల అరల్లోనే ఆగిపోతాయి. ఇది ఆగలేదు. అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ దక్షిణ వియత్నాంలో భూమి పరిస్థితి మీద అధ్యయనం చేయించాలనుకున్నప్పుడు ఆయనకు పిలుపు వచ్చింది.

మెకాంగ్ డెల్టాలో కౌలుదారులు పండించిన దానిలో పెద్ద వాటా భూస్వామికి పోయేది. 1956లో వచ్చిన సంస్కరణ భూస్వామి వంద హెక్టార్లు ఉంచుకోవచ్చన్నది. వరి పండే డెల్టాలో వంద హెక్టార్లంటే సంస్కరణ లేనట్టే. మరోవైపు కమ్యూనిస్టు గెరిల్లా సేన వియట్‌కాంగ్ తన ఆధీనంలోని పల్లెల్లో భూమి పంచుతోంది. ఈ నేపథ్యంలో, ప్రోస్టర్‌మన్ సహకారంతో రూపొందిన “దున్నేవాడికే భూమి” చట్టం మీద అధ్యక్షుడు థియూ 1970 మార్చి 26న సంతకం చేశాడు. సాగుచేస్తున్న కౌలుదారుకు దక్షిణ ప్రాంతంలో మూడు హెక్టార్ల వరకు ఉచితంగా భూమి. భూస్వామికి ఏడాది పంట విలువకు రెండున్నర రెట్ల పరిహారం, అందులో 20 శాతం నగదు, మిగిలింది ఎనిమిదేళ్ల బాండ్లు. గుర్తింపునకు విమానం నుంచి తీసిన ఫోటోలు, పట్టాలు అచ్చువేయడానికి కంప్యూటర్లు వాడారు. మూడు నాలుగేళ్లలో దాదాపు పది లక్షల హెక్టార్ల నేల దున్నేవాళ్ల పేర మారింది.

చట్టం రాసే పనితనం చూడాలంటే ఇందులోని ఒక చిన్న అంశం దగ్గర ఆగాలి. కౌలుదారు భూస్వామి దగ్గరికి వెళ్లి ఏమీ అడగనక్కరలేదు. ఈ రోజు దున్నుతున్నవాడు ఎవరన్న ఒక్క ప్రశ్నకు ఊరు జవాబు చెబితే చాలు. మన దేశంలో కౌలు చట్టాలు చాలావరకు చతికిలబడింది సరిగ్గా అక్కడే. కాగితం చూపించాల్సిన భారాన్ని కాగితం లేనివాడి మీద పెట్టాయి. రుజువు భారం ఎవరిదన్న ఒక్క వాక్యం లక్షల ఎకరాల గతిని మారుస్తుంది. ఇది ఆర్థికవేత్తకు, ఇంజనీరుకు వెంటనే తట్టే విషయం కాదు. న్యాయశాస్త్రంలో తలపండినవాడికి తడుతుంది.

కానీ ఆ చట్టం ఎందుకు వచ్చిందో మరచిపోయి మెచ్చుకోవడం తప్పు. అది యుద్ధంలో ఒక పక్షానికి మద్దతు కూడగట్టే పనిలో భాగం. అమెరికా డబ్బు పెట్టింది కౌలుదారు మీద జాలితో మాత్రమే కాదు. 1975లో ఆ ప్రభుత్వమే కూలిపోయింది. 1980లో ఎల్ సాల్వడోర్‌లో ఇదే నమూనా ఇంకా చేదుగా నడిచింది. కౌలుదారు తాను సాగుచేసే నేలను ఏడు హెక్టార్ల వరకు తన పేరున కోరవచ్చని ఏప్రిల్‌లో 207వ డిక్రీ వచ్చింది. దానికి సలహా ఇచ్చినవాళ్లలో ప్రోస్టర్‌మన్ ఒకరు. ఆ ఏడాదే భూసంస్కరణతో పాటు దేశంలో అత్యవసర స్థితి విధించారు. పల్లెల్లోకి కొలత గొలుసుతో పాటు సైన్యమూ వెళ్లింది. 1981 జనవరి 3న రాజధానిలోని ఒక హోటల్లో భూసంస్కరణ సంస్థ అధ్యక్షుడు రొడాల్ఫో వియెరానూ, ఇద్దరు అమెరికన్ సలహాదారులనూ కాల్చి చంపారు. పరిహారం ఇస్తే నెత్తురు చిందదన్న 1966 నాటి వాదన అక్కడ నిలబడలేదు. కాగితం మీద ఎంత పకడ్బందీ చట్టమైనా, దాన్ని అమలుచేసే చేతుల్లో తుపాకీ ఉన్నప్పుడు దాని స్వభావం మారిపోతుంది.

విద్యావంతుడు ప్రభుత్వ సాయంతో చేతులు కలిపితే ఏర్పడే ఇబ్బందిని అదే తరం ఆచార్యులు తామే ఎత్తిచూపారు. డేవిడ్ ట్రూబెక్ యూఎస్‌ఎయిడ్ న్యాయవాదిగా బ్రెజిల్‌లో పనిచేసి, తరువాత విశ్వవిద్యాలయానికి వచ్చాడు. భారత న్యాయవ్యవస్థను, రిజర్వేషన్లను జీవితమంతా అధ్యయనం చేసిన మార్క్ గాలంటర్‌తో కలిసి 1974లో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో చట్టం పనిచేసే తీరే అన్ని దేశాలకూ చెల్లుతుందన్న నమ్మకంతో సాయం కార్యక్రమాలు నడిచాయని, అసమానతలు పాతుకుపోయిన సమాజాల్లో బలమైన చట్టం బలవంతుడికే ఇంకో ఆయుధం కావచ్చని వాళ్లు హెచ్చరించారు. అదే ఏడాది గాలంటర్ విడిగా మరో సంగతి వివరించాడు. కోర్టుకు మళ్లీ మళ్లీ వచ్చే సంస్థలు, ప్రభుత్వాలు ఆటను నేర్చుకుంటాయి. జీవితంలో ఒక్కసారి వచ్చే మనిషి ఓడిపోతాడు. తహసీలు కార్యాలయం వరండాలో నిలబడి చూసినవారికి ఈ సిద్ధాంతం వేరే బోధించనక్కరలేదు. వడ్డీ వ్యాపారి ఆ వరండాలోకి నెలనెలా వస్తాడు, కోందు రైతు జీవితంలో ఒకసారి వస్తాడు.

ప్రోస్టర్‌మన్ వృత్తి జీవితంలో రెండో సగం నాకు మొదటి సగం కంటే విలువైనది. 1981లో ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఇప్పుడు లాండెసా, ప్రభుత్వాల కోసం చట్టాలు రాయడం నుంచి క్రమంగా పల్లెల్లో కూర్చుని అడగడం వైపు జరిగింది. భారతదేశానికి వచ్చేసరికి, సీలింగు భూములు పంచడం ఇక్కడ పెద్దగా ముందుకు సాగదని గుర్తించి, పది సెంట్ల ఇంటి జాగా కూడా ఒక కూలి కుటుంబానికి కూరగాయలు, కోళ్లు, పరువు ఇస్తుందని వాదించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద, ప్రపంచబ్యాంకు రుణంతో నడిచిన పేదరిక నిర్మూలన కార్యక్రమంలో పల్లె యువతీయువకులను పారాలీగల్‌లుగా (న్యాయ సహాయకులుగా), సర్వేయర్లుగా తీర్చిదిద్దిన పనిలో ఈ సంస్థ చేయి ఉంది. పాస్‌బుక్కు లేని రైతు ఎవరు, కబ్జాలో ఉన్న అసైన్డ్ భూమి ఏది, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి పోయిన నేల ఏది అని వీళ్లు ఊరూరా తిరిగి రాసుకున్నారు.

ఇక్కడి నుంచి ఆ ఆలోచన సరిహద్దు దాటింది. ఒడిశాలో ఐఫాడ్ అప్పు, బ్రిటన్ గ్రాంటు, ప్రపంచ ఆహార కార్యక్రమం ధాన్యంతో ఓటెల్ప్ అనే గిరిజన సాధికారత, జీవనోపాధి కార్యక్రమం నడిచింది. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్, కలహండి, కంధమాల్ అనే ఏడు జిల్లాలు దాని పరిధి. అందులో లాండెసా సహకారంతో ఊరికొక సీఆర్‌పీని (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్‌ను) పెట్టారు. ఆ ఊరి భాష మాట్లాడే, కొంత చదువుకున్న యువకుడో యువతో. పని చెప్పుకోవడానికి చిన్నది. ఇంటింటికీ వెళ్లి ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు, ఎవరు ఏ నేల దున్నుతున్నారు అని జాబితా తయారుచేయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చినప్పుడు వెంట నడిచి హద్దులు చూపించాలి. అప్పుడు తహసీల్దారు 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టం కిందనో, ఇంటి స్థలమైతే వసుంధర పథకం కిందనో కేసు తెరిచి పట్టా ఇస్తాడు.

గమనించండి, ఇందులో కొత్త చట్టం ఒక్కటీ లేదు. భూమిలేని కుటుంబం సాగులో ఉన్న అభ్యంతరం లేని ప్రభుత్వ నేలను క్రమబద్ధం చేయవచ్చని పాత చట్టమే చెబుతోంది. ఆక్రమణదారును వెళ్లగొట్టడానికి అని పేరున్న చట్టంలోనే అతడికి హక్కు ఇచ్చే తలుపూ ఉంది. దశాబ్దాల పాటు ఆ తలుపు తెరవమని అడిగే మనిషి లేడు. ఒక్క ఆర్‌ఐ కింద లెక్కలేనన్ని పల్లెలు, నడవవలసిన కొండలు. సైగాన్‌లో చట్టం రాయడంతో మొదలైన ఒక ఆచార్యుడి పరంపర, ఉన్న చట్టాన్నే ఊరి కుర్రాడి నోటుపుస్తకంతో కదిలించవచ్చని తేల్చడానికి నలభై ఏళ్లు పట్టింది. విదేశీ సాయంలో న్యాయవాది చేయగల అత్యంత ఉపయోగకరమైన పని ఇదేనని నా నమ్మకం. మళ్లీ మళ్లీ వచ్చేవాడి తెలివిని ఒక్కసారి వచ్చేవాడి పక్కన కూర్చోబెట్టడం.

దీనికీ హద్దులున్నాయి. పోడు చేసే కుటుంబం ఒక వాలును కొన్నేళ్లు సాగుచేసి, నేల అలిసిపోతే వదిలి మరో వాలుకు పోతుంది. తిరిగి వచ్చేసరికి అడవి పెరిగి నేల కోలుకుంటుంది. పట్టాకు మాత్రం కదలని హద్దు, ఒక్క పేరు కావాలి. మేత, వంటచెరకు, దేవుడి కొండ లాంటి ఉమ్మడి వనరులకు పట్టా జవాబు చెప్పదు. కాశీపూర్‌కే మళ్లీ వెళ్దాం. ముప్పై డిగ్రీల దాకా పట్టాలిచ్చిన ఆ బ్లాకు గుట్టల్లో బాక్సైట్ ఉంది. అల్యూమినా కర్మాగారాన్ని ఎదిరించిన ఉద్యమంలో 2000 డిసెంబరు 16న మైకంచ్ దగ్గర పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. ప్రజాప్రయోజనం పేరుతో భూమి తీసుకునే అధికారం ముందు వ్యక్తిగత పట్టా నిలవదు. అయినా పట్టా ఉన్నవాడికి నోటీసు, పరిహారం అడిగే హక్కు ఉంటాయి. లేనివాడు అడుగు కదిపే ముందే ఆక్రమణదారు. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచకూడదు.

కొండను మొత్తంగా కాపాడిన ఉదాహరణ పక్కనే ఉంది. వేదాంత కంపెనీ కర్మాగారం కోసం బాక్సైట్ తవ్వాలనుకున్న నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు 2006 అటవీ హక్కుల చట్టాన్ని ఆధారం చేసుకుని నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. రాయగడ, కలహండి జిల్లాల్లో జరిగిన పన్నెండు గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. అందులో సాయం ప్రాజెక్టు లేదు. విదేశీ ప్రభుత్వ డబ్బు నీడ మాత్రం ఉంది. నార్వే ప్రభుత్వ పింఛను నిధి తన నైతిక నియమాల మేరకు 2007లోనే వేదాంత వాటాలు అమ్మేసుకుంది. డబ్బు ఇవ్వడంలోనే కాదు, వెనక్కి తీసుకోవడంలోనూ చట్టానికి పని ఉంటుంది.

ఈ వ్యాసం చదివే తెలుగువారిలో రాయగడ, గుణుపూర్, జయపురం, పర్లాకిమిడి బజార్లలో తరాలుగా ఉన్నవారు చాలామంది. ఇది మనకు సుఖంగా వినిపించని భాగం. 1936 దాకా ఈ కొండలూ శ్రీకాకుళం, విజయనగరం కొండలూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు 1917లో ఒకే భూబదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతివారి నేల ఏజెన్సీని పాలించే ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా బయటివారికి పోకూడదని దాని సారం. అంత తొందరగా ఆ చట్టం అవసరమైందంటే మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల చేతికి నేల ఎంత వేగంగా పోతోందో అర్థమవుతుంది. వారిలో తెలుగువారూ ఉన్నారు. విడిపోయాక ఒడిశాలో 1956 నిబంధన, ఆంధ్రలో 1959 నిబంధన, దానికి 1970 సవరణ వచ్చాయి. ఆంధ్ర ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోలేరు. ఒడిశాలో ఆ నిషేధం లేదు, కానీ 2002 నుంచి గిరిజనుడి నేల గిరిజనేతరుడికి అనుమతితోనైనా పోదు. 2023 నవంబరులో ఈ కట్టును సడలించాలని ఒడిశా మంత్రివర్గం నిర్ణయించి, నిరసనలు రాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. సాయం డబ్బుతో వచ్చిన పట్టా నిలవాలంటే ఈ నిబంధన నిలవాలి. దాని మీద మన బజార్లలో వినిపించే సణుగుడును నేను సమర్థించలేను.

ఆ విద్యార్థిని అడిగిన ఉద్యోగం సంగతి. పాత తలుపులు మూసుకుంటున్నాయి. బ్రిటన్ 2015 తరువాత భారత్‌కు ఆర్థిక గ్రాంట్లు ఆపేసింది. 1961లో పుట్టిన యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1 నాటికి విదేశీ సాయం పని ముగించింది, మిగిలిందేదో అమెరికా విదేశాంగ శాఖలో కలిసింది. మరోవైపు భారతదేశమే ఇప్పుడు అప్పులు, గ్రాంట్లు ఇచ్చే దేశం. మన విదేశాంగ శాఖలో దీనికోసం 2012లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) ద్వారా ఆఫ్రికా దేశాలకు వెళ్లే మన రుణాల్లోనూ ఎవరి నేలో ఉంటుంది. ఆ ఒప్పందాలు రాసేవాళ్లలో కాశీపూర్ తెలిసినవాళ్లు ఉండాలని నేను కోరుకుంటాను. అంతవరకూ చేయవలసిన పని ఇక్కడే ఉంది. కాశీపూర్ తొలి ప్రాజెక్టులో ఇచ్చిన పట్టాలకు ఇప్పుడు సుమారు మూడు దశాబ్దాల వయసు. పట్టాదారు చనిపోయిన ఇళ్లలో వారసుల పేరున మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, కావాలి. అర్జీ పెట్టాలి, గ్రామంలో విచారణ జరగాలి, భార్య పేరు, కూతుళ్ల పేర్లు రికార్డులోకి రావాలి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భులేఖ్‌లో ఖాతా తెరిచి ఎవరి పేరుందో చూడటంతో ఏ న్యాయశాస్త్ర విద్యార్థి అయినా ఈ పని మొదలుపెట్టవచ్చు.